పచ్చగా వెలిగిన చొక్కా

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పాప ఆ ఉదయం కూడా పాలగ్లాసు పక్కకి తోసేసింది. కొన్నాళ్లుగా నాలుగేళ్ల పిల్లకి ఇదే వరస. కడుపునొప్పి, చిరాకు, పాలిపోయిన మొహం. తాతయ్య ఒళ్లో కూర్చోబెట్టుకుని బతిమాలుతుంటే, నానమ్మ జుట్టు చిక్కు తీస్తున్నారు. పిల్ల నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఫోన్ మోగింది. ఇంటి కోడలు, పిచ్చుక తల్లి, తీసింది. పిల్లల డాక్టరు.

"పాప రక్తంలో సీసం బాగా ఉందమ్మా. ఇంట్లో ఎవరైనా సీసంతో పనిచేస్తారా?"

ఆమె తన చేతులవంక చూసుకుంది. పనిచేసేది తనే. ఎండని కరెంటుగా మార్చే, సన్నటి వెలుగునైనా పసిగట్టే పెరోవ్‌స్కైట్ అనే కొత్త పదార్థం మీద ఆమె పరిశోధన. సిరాలా గాజు మీద పల్చటి పొర వేస్తే సౌర పలక తయారవుతుంది. ఆ పొరలో సీసం ఉంటుంది. మూసిన గాజుపెట్టెలో, రబ్బరు తొడుగులతోనే పని. అయినా సాయంత్రం పిల్లని ఎత్తుకునేది ఆ చేతులతోనే కదా.

విషయం చెప్పగానే అత్తగారు దువ్వెన విసిరికొట్టారు. "నెత్తీనోరూ కొట్టుకున్నాను, పిల్ల పుట్టాక ఆ పని మానెయ్యమని. నా మాట ఎవరు విన్నారు?"

ఎన్నడూ గొంతు పెంచని మామగారు లేచి నిలబడ్డారు. "కన్నతల్లివేనా నువ్వు? విషం తెచ్చి పిల్ల నోట్లో పెట్టావు కదమ్మా!"

ఆ మాటకన్నా, అది నిజమేనేమోనన్న భయం ఆమెను ఎక్కువ కోసింది. రాజీనామా ఇచ్చేద్దామనే ల్యాబుకి వెళ్లింది.

తోటి పరిశోధకురాలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "రాజీనామా ఎక్కడికీ పారిపోదు. ముందు సీసం ఎక్కడుందో వెతుకు. అది ఇంట్లోనే ఇంకోచోట ఉంటే, నువ్వు మానేసి ఏం లాభం?"

ఒక పిచికారీ సీసా, అతినీలలోహిత దీపం చేతిలో పెట్టింది. ఆ సీసాలోని ద్రవం సీసం మీద పడితే అక్కడికక్కడే పెరోవ్‌స్కైట్ పుడుతుంది. దీపం వేస్తే పచ్చగా వెలుగుతుంది.

మధ్యాహ్నం పిల్లని పక్కింట్లో వదిలి, కిటికీ తెరలన్నీ దించారు.

"ముందు నీ సంచీ మీద కొట్టు," అన్నారు అత్తగారు.

కొట్టింది. ఏమీ వెలగలేదు. ఆమె చెప్పులు, దుస్తులు, దువ్వెన, ఎక్కడా వెలుగన్నదే లేదు. అత్తగారి కోపం అయోమయంలో పడింది.

పిల్ల దిండు మీద కొట్టగానే పచ్చటి చుక్కలు మెరిశాయి. ముగ్గురూ దగ్గరికి వంగి చూశారు. వెనక వరండా గడప మీద ఇంకొన్ని. అక్కడ కొక్కేనికి వేలాడుతున్న మామగారి చొక్కా మీద కొట్టి దీపం వేసేసరికి, గుండెల మీదా చేతుల మీదా పచ్చటి మంట అంటుకున్నట్టయింది. కింద ఆయన సీసం కరిగించే పాత గిన్నె.

"చేపల గాలానికి కట్టే గుండ్లు పోస్తుంటానమ్మా," అన్నారు మామగారు తడబడుతూ. "ఎప్పట్నించో పోస్తున్నాను, అదే పిల్లకి చేరుతుందని తోచనేలేదు. ఆ చొక్కాతోనే..."

ఆ చొక్కా గుండెల మీదే పిచ్చుక రోజూ నిద్రపోయేది.

"నేనా?" అన్నారు.

ఆయన కుళాయి తిప్పి చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టారు. చర్మం ఎర్రబడినా ఆపలేదు. చివరికి కోడలే వచ్చి కుళాయి కట్టేసింది. "డాక్టరుతో మాట్లాడాను మామయ్యా. ఇంట్లోంచి సీసం పోతే, మందులతో మెల్లగా తగ్గుతుందన్నారు. స్నానం చేసి రండి."

గిన్నె, గుండ్లు, చొక్కా, దిండు డబ్బాలో పెట్టి మూత బిగించింది. తడిగుడ్డతో ఇల్లంతా తుడిచింది. సాయంత్రం పిచ్చుక "తాతా!" అంటూ పరుగున వచ్చింది. ఆయన చేతులు వెనక్కి దాచుకుని గోడదాకా వెనక్కి జరిగారు. "వద్దు తల్లీ, నా దగ్గరికి రాకు."

పిల్ల పెదవి వంకరపోయింది.

"పొద్దున్న మీరన్న మాట నొప్పెట్టింది మామయ్యా, లేదనను," అంది కోడలు. "మీరనకముందే నన్ను నేను అదే అనుకున్నాను. అదెంత నరకమో నాకు తెలుసు. మీరూ అందులో పడకండి." పిల్లని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

పిచ్చుక మెడ చుట్టేసుకుంది. ఆయన రెండు చేతులా పిల్లని పొదువుకున్నారు. "నన్ను క్షమించమ్మా," అన్నది పిల్లతోనో కోడలితోనో తెలియలేదు.

అత్తగారు కళ్లు తుడుచుకుని కోడలి పక్కన కూర్చున్నారు. "పిల్ల మందులు నేను చూసుకుంటాను. నువ్వు ల్యాబు మానకు."