ఒకటే పోస్టు

టైమ్‌టేబుల్లో తన క్లాసులు సగానికి సగం తగ్గిపోయి ఉండటం చూసి చరిత్ర మాస్టారికి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఆ కాలేజీలో గెస్టు లెక్చరరు. క్లాసుంటేనే జీతం, లేకపోతే లేదు.

నేరుగా కొత్త మేడం దగ్గరికెళ్లాడు. ఆవిడదీ చరిత్రే, ఆవిడా గెస్టే.

"నా క్లాసులు లాక్కున్నారటగా?"

"లాక్కోలేదు. ప్రిన్సిపాల్ గారు పంచారు. ఆయన మీద కోప్పడితే ఉద్యోగం ఊడుతుందని నా మీద పడ్డారా?"

మాస్టారు వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. ఉన్నమాటే మరి.

స్టాఫ్‌రూమ్‌లో గెస్టులకి ఒకటే టేబులు. ఎదురెదురుగా పేపర్లు దిద్దుతూ కొన్నాళ్లు పోట్లాడుకున్నారు, తర్వాత నవ్వుకున్నారు. వానలు మొదలయ్యేసరికి ఒకే గొడుగులో బస్టాప్‌కి నడుస్తున్నారు. గొడుగు ఎప్పుడూ ఆవిడ వైపే ఒరిగేది. మాస్టారి భుజం తడిసి ముద్దయ్యేది.

అప్పుడే పర్మనెంట్ పోస్టు పడింది. ఒకటే.

"నేను అప్లై చెయ్యను. మీకు రానివ్వండి," అన్నాడు మాస్టారు, బస్టాప్‌ దారిలో గొడుగు పట్టి నడుస్తూ.

ఆవిడ గొడుగులోంచి వానలోకి నడిచి నిలబడింది. "మీరు తప్పుకుంటే నాకొచ్చేది ఉద్యోగం కాదు, దానం. నాకొద్దు. వచ్చి పోటీ పడండి."

పడ్డాడు. ఆవిడకే వచ్చింది.

అభినందించాడు గానీ, మర్నాటి నుంచి ముఖం చాటేశాడు. చివరికి ఆవిడే లైబ్రరీలో పట్టుకుంది.

"ఎన్నిసార్లని పోస్టు చేజారడం? నాలోనే ఏదో తక్కువుందేమో," అన్నాడు తలొంచుకుని.

"ఇంటర్వ్యూలో రేవుపట్నాల గురించి అడిగారు. నా పరిశోధన అదే. మీరు పరిశోధన చేసిన కరువుల గురించి అడిగుంటే ఉద్యోగం మీదే. నేనూ కష్టపడ్డాను, కాదనను. మిగతాది కలిసిరావడం. దాన్ని నా గొప్పనుకోను. మీరూ మీ తప్పనుకోకండి." చేతిలో పుస్తకం మూసింది. "మా నాన్నని వచ్చి కలవండి."

"ఏమని?"

"అదీ నేనే చెప్పాలా?"

ఆదివారం వెళ్లాడు. ఆవిడ తలుపు పక్కన నిలబడింది గానీ సాయానికి రాలేదు.

"ఉద్యోగం?" అడిగాడు తండ్రి.

"గెస్టునండీ. వచ్చే ఏడు పిలుస్తారో లేదో తెలీదు. ఎక్కడ పోస్టు పడినా వెళ్తాను. పాఠం చెప్పడం మాత్రం మానను."

పెద్దాయన కూతురి వైపు చూశాడు.

"ఉద్యోగం వచ్చిన రోజు ఇది గదిలో కూర్చుని ఏడ్చింది బాబూ. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు." పక్కనున్న కుర్చీ ముందుకు జరిపాడు. "నిలబడే ఉన్నావేం? కూర్చో."