కచ్చా కుట్టు

ఆ వీధిలో దర్జీ మాస్టారి కత్తెర సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆయన కత్తెర చేతికి తీసుకుంటే చాలు, బల్లమీది గుడ్డ భయపడి తనంతట తనే రెండు ముక్కలయ్యేదట. గూనివాడికి చొక్కా కుడితే గూని మాయమై చొక్కా ఒక్కటే కనిపించేదట. ఒకసారి వెళ్ళే బస్సు కిటికీలో కనపడ్డ మనిషిని కళ్ళతోనే కొలిచి కోటు కుట్టి పెడితే, నాలుగేళ్ళ తరవాత ఆ మనిషి దారి తప్పి దుకాణంలోకొచ్చి దాన్ని తొడుక్కుని, గుండీ కూడా జరపక్కర్లేదంటూ వెళ్ళిపోయాడట. ఇవన్నీ మాస్టారు చెప్పిన మాటలే. నలభై ఏళ్ళుగా ఒక్కరూ కాదనలేదు కాబట్టి పావు వంతు నిజమే అయివుండాలి.

అంతటి మొనగాడూ తనకోసం మొదలుపెట్టిన కోటు ఒక్కటీ పూర్తి చెయ్యలేదు.

దుకాణం వెనక గదిలో ఒక చెక్క బీరువా ఉంది. అందులో మూడు కోట్లు వేలాడుతుండేవి. తెల్లది ఇరవై రెండో ఏట, ఓడలో దర్జీ పని దొరికినప్పటిది. ఓడ కదిలే వేళకు మాస్టారు రేవులో లేడు, ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడు. జరీ అంచు ఎర్రది నాటకాల కంపెనీవాళ్ళు పిలిచినప్పటిది. బండి ఇంటిముందు గంటసేపు నిలబడి వెళ్ళిపోయింది. నల్లది, నగరంలో పెద్ద దుకాణం వాళ్ళు రమ్మన్నప్పటిది. వాళ్ళ ఉత్తరానికి జవాబు రాయడానికి మంచి కలం కోసం వెతుకుతూనే ఏడాది గడిచిపోయింది.

మూడింటికీ కచ్చా కుట్టు అలాగే ఉండిపోయింది. అంటే తెల్లదారంతో వేసే పొడుగు పొడుగు కుట్లు. మనిషి ట్రయల్‌కొచ్చి తొడుక్కుని చూసుకునేదాకా గుడ్డను నిలబెట్టి ఉంచుతాయి. గట్టి కుట్టు పడ్డాక వాటిని లాగేస్తారు. మాస్టారు లాగకపోగా, ఏడాదికోసారి ఆ మూడింటినీ దించి, అద్దం ముందు తన ఒళ్ళు తనే కొలుచుకుని, పెరిగితే వదులు చేసి, తగ్గితే బిగించి, మళ్ళీ కచ్చా కుట్టే వేసి తగిలించేవాడు. ఎప్పటికైనా పనికొస్తాయని.

అరవై ఒకటో ఏట నాలుగో పిలుపు వచ్చింది. దూరపు ఊళ్ళో కుట్టుపని నేర్పే బడి. పిల్లలకు కటింగ్ నేర్పాలి, రెండు గదుల ఇల్లిస్తారు. తెల్లారితే ఆరున్నరకు బస్సు. గోధుమరంగు కోటు బల్లమీద ఉంది... కచ్చా కుట్టుతోనే.

ఆ సాయంత్రం ఆయన భార్య గొడుగుతో దుకాణం గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"సామాను కట్టేశాను. రెండు టికెట్లు తీశాను. ఈసారి బస్సు వెళ్ళిపోతే అందులో నేనుంటాను."

"అంటే?"

"మీరు రాకపోయినా నేనెక్కుతానని. కిటికీ సీటు నాది."

మాస్టారు నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"ఆ బీరువా కూడా పట్టుకెళదామే. ఏ లారీలోనో వేయిస్తే..."

"మూడు కోట్లున్న మారాజు మీరు. జేబులో చూస్తే మూడు రూపాయలుండవు. అవొస్తే నేను రాను." ఆమె గొడుగు విప్పుతూ ఆగింది. "మిమ్మల్ని మీ అమ్మ కచ్చా కుట్టు వేసి వదిలేసిందండీ. గట్టి కుట్టు వెయ్యడం నా వల్ల కూడా కాలేదు."

ఆమె వెళ్ళాక వాన పెరిగింది. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది.

మాస్టారు కదలకుండా కూర్చున్నాడు. చల్లారుతున్న ఇస్త్రీపెట్టె వాసన. మిషన్ నూనె వాసన. చూరు నుంచి మెట్టుమీదికి ఒకే లెక్కన పడుతున్న బొట్లు. రేపు తలనొప్పి వచ్చిందంటే సరిపోతుంది కదా, అని మనసు ఒక మూల నుంచి సలహా ఇచ్చింది. ఆ సలహా ఆయనకు పాత చుట్టమే. నలభై ఏళ్ళుగా వస్తూ పోతూ ఉంది.

తలుపు కిర్రుమంది.

"దుకాణం కట్టేశామండీ," అన్నాడు మాస్టారు.

"ట్రయల్‌కొచ్చాను." గొంతు పెగలని గుసగుస.

"ఏ కోటు?"

"తెల్లది."

తెల్ల కోటు ఇచ్చినవాళ్ళెవరో గుర్తు రాలేదు. కానీ ఎదుట మనిషి నిలబడితే చెయ్యి ఊరుకోదు, నలభై ఏళ్ళ జబ్బు. మెడలోంచి టేపు తీశాడు. చీకట్లో వేళ్ళే కళ్ళు. ఛాతీ చుట్టూ టేపు తిప్పి పట్టుకున్నాడు. తడి గుడ్డ. ఉప్పు వాసన.

"గాలి పీల్చండి."

టేపు కదల్లేదు.

"వదలండి."

కదల్లేదు.

వేళ్ళు భుజం మీదికి వెళ్ళాయి. కుడి భుజం అరంగుళం కిందికి జారి ఉంది. ఆ భుజం ఆయనకు తెలుసు. కత్తెర పట్టీ పట్టీ జారిన భుజం. ఏటేటా అద్దంలో చూసుకునే భుజం...

టేపు జారి పడిపోయింది.

"ఏటేటా కొలత సరిచేస్తావు," అంది గుసగుస. "తొడగనివ్వవు."

"నేను... ఎవర్నీ రమ్మనలేదు."

"కచ్చా కుట్టు విప్పలేదంటే మళ్ళీ రమ్మనేగా, మాస్టారూ."

వెనక గదిలో జరీ గరగరలాడింది. మొహానికి పూసుకునే రంగు వాసన వచ్చింది. ఆ వెనకాలే కొత్తగుడ్డల గంజి వాసన. ఇద్దరు. కాదు, మొదటివాడితో ముగ్గురు. అడుగుల చప్పుడు లేదు.

"నాలుగోది కూడా మొదలుపెట్టావటగా," అంది గంజి వాసన వైపు గొంతు.

"అది రేపు నేను తొడుక్కుంటాను."

"మా ముగ్గురి గురించీ అదే అన్నావు."

ఎవరో కింద పడ్డ టేపు తీశారు. మాస్టారి ఛాతీ చుట్టూ చల్లగా బిగించారు.

"గాలి పీల్చు."

పీల్చాడు. పీల్చకుండా ఉండలేకపోయాడు.

"కదులుతోంది," అంది ఒక గొంతు, ఆశగా. "వీడిది ఇంకా కదులుతోంది."

"పొద్దున నువ్వు రాకపోతే మాలో ఒకడం ఎక్కుతాం," అంది ఉప్పు వాసన. "ఆవిడ కిటికీ పక్కన కూర్చుంటుంది. తేడా తెలీదు. కొలత ఒకటేగా."

అప్పుడు కదిలాడు మాస్టారు.

తడుముకుంటూ వెనక గదిలోకెళ్ళి బీరువా తెరిచాడు. తెల్ల కోటు దించి, పంటితో ముడి కొరికి దారం లాగాడు. గుడ్డ మడతల్లోంచి ఏళ్ళు వచ్చినట్టు దారం వస్తూనే ఉంది. చూడని సముద్రం ఒకటి చెవిలో హోరుమని ఆగిపోయింది. "తీసుకెళ్ళు," అన్నాడు. "నీ పని అయిపోయింది. ఇక రానక్కర్లేదు." ఎర్రదాని దారం లాగుతుంటే ఎక్కడో జనం చప్పట్లు కొట్టారు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్కటీ... ఆ ఒక్కటీ ఉంచుకుంటే... కళ్ళు మూసుకుని లాగేశాడు. నల్లదాని దగ్గరకొచ్చేసరికి కళ్ళు తడిశాయి. అయినా లాగాడు. "వెళ్ళండయ్యా. మిమ్మల్ని పట్టుకు వేలాడింది నేను."

చేతుల్లో బరువు ఒకటొకటిగా తగ్గింది.

తలుపు కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. మూడోసారి... వాన చప్పుడులో వినపడిందో, లేదో.

మాస్టారు గోధుమరంగు కోటు ఒళ్ళోకి లాక్కున్నాడు. ఉరుముల చీకట్లో, ఒక కన్ను మూసి, ఒక్క గురికే సూదిలో దారం ఎక్కించే చెయ్యి అది. ఆ చెయ్యి ఏడుసార్లు తప్పింది. ఎనిమిదోసారి ఎక్కింది. కుట్టసాగాడు. సూది గుడ్డలో దిగుతోంది, టప్. దారం సాగుతోంది, సుర్ర్. టప్. సుర్ర్.

కాసేపటికి ఆ చప్పుడు రెండుసార్లు వినిపించసాగింది.

ఒకటి ఒళ్ళోంచి. ఇంకోటి వెనకనుంచి... చాలా దగ్గర నుంచి.

తిరిగి చూడలేదు. ఆపితే ఇక ఎప్పటికీ కుట్టలేనని తెలుసు. మెడ వెనక చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తుడుచుకోవడానికి కూడా చెయ్యి వదల్లేదు. ఆఖరి గుండీ బిగించి, కచ్చా కుట్టంతా లాగేసి ముడి తెంపేసరికి కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. బీరువాలో మూడు ఖాళీ హేంగర్లు మెల్లగా ఊగుతున్నాయి.

పొద్దున బస్సు స్టాండుకు భార్య కంటే ముందు మాస్టారే వచ్చాడు. వంటిమీద గోధుమరంగు కోటు. ఆమె దూరం నుంచే చూసి ఆగిపోయింది.

"ఎవరీ దొరగారు?"

"నీ మొగుడే."

"నమ్మమంటారా?" అంది కానీ, ఆమె మొహంలో నవ్వు దాగలేదు. "బీరువా?"

"ఖాళీ. తాళం కూడా వెయ్యలేదు."

ఆమె ఆయన చేతిలోని సంచీ అందుకుంది. బస్సులో కిటికీ సీటు తనే తీసుకుంది. ఇంజను మొదలైంది. నలభై ఏళ్ళుగా ఒంట్లో బిగుసుకున్నదేదో వదులైనట్టనిపించి, మాస్టారు ముందుకు వంగి వచ్చే రోడ్డువైపు చూశాడు.

"ఉండండి," అంది ఆమె, వెనకనుంచి చూస్తూ. "ఇంత మొనగాడూ కచ్చా కుట్టు తియ్యడం మరిచిపోయాడు. మెడ దగ్గర దారం."

"లేదే. అంతా లాగేశాను. మూడుసార్లు చూశాను."

"వంగండి చెప్తాను."

ఆమె కాలరు కిందికి దించింది. గోటితో దారం కొస వెతికింది. చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ."

"ఊఁ."

"ఇది కోటుకి లేదు."

ఆమె వేలు ఆయన మెడమీద, జుట్టు కింద, మెల్లగా పక్కకు జరిగింది. ఒక కుట్టు. రెండు. మూడు. పొడుగు పొడుగువి. నొప్పి లేదు. ఆమె వేలి వేడి కూడా సరిగ్గా తెలియడం లేదు.

"లాగనా?" అంది ఆమె, గుసగుసగా.

"లాగకు."

మాస్టారు గుండెల నిండా గాలి పీల్చి, కోటు గుండీకేసి చూసుకున్నాడు. బస్సు కుదుపుల్లో అది ఊపిరికి కదిలిందో లేదో తెలియలేదు.