వెనకగదిలో తెగే లైను

ఆళ్లగడ్డలో ఆ నర్సింగ్ హోమ్ వెనకగదికి మొదటినుంచీ మంచి పేరు లేదు.

ఒకప్పుడు అది విగ్రహాలు చెక్కే షెడ్డు. గురుస్వామి అనే ఆయన ముప్పై ఏండ్లు అక్కడే రాయి కొట్టినాడు. ఒకరోజు అన్నానికి పిలిస్తే పలకలేదు. పోయి చూస్తే ఉలి చేతిలోనే ఉంది... ప్రాణమే లేదు. తర్వాత ఆ జాగా చేతులు మారింది, షెడ్డుకు గోడలు లేచినాయి, ముందర ఆస్పత్రి వచ్చింది. పొద్దుగూకినాక ఆ గదివైపు పోవాలంటే ఆయాలు ఇద్దరు కలిసి పోయేవాళ్లు. పని ఒకరిది, రెండోవాళ్లు తోడు.

2006లో కంప్యూటర్ తెచ్చి ఆ గదిలోనే పెట్టినారు. ఫోన్ లైను అక్కడిదాకానే వచ్చింది మరి.

రోగుల ఫైళ్లన్నీ నంద్యాలలో, ఈ నర్సింగ్ హోమ్ డాక్టర్లదే ఇంకో పెద్ద ఆస్పత్రిలో ఉండేవి. ఆళ్లగడ్డలో కూచుని నంద్యాల కంప్యూటర్‌ను తెరిచి, అక్కడి తెరనే ఇక్కడ చూస్తూ పని చేసుకోవాలి. రిమోట్ డెస్క్‌టాప్ అనేవాళ్లు దాన్ని. ఆ పని నర్సు లూదియాకు అప్పగించినారు. ప్రార్థన తప్పని మనిషి, దెయ్యాలకు జడిసే రకం కాదు.

మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. లూదియా కూచున్నంతసేపూ అంతా బాగానే ఉండేది. వార్డుకు పోయి వస్తే మాత్రం నంద్యాల మాయం. తెర నడుమ చిన్న డబ్బా – కనెక్షన్ తెగిపోయింది, అని.

"కుర్చీ ఖాళీ చేయొద్దు సిస్టరమ్మా," అన్నాడు కాంపౌండర్ పుల్లయ్య, గొంతు బాగా తగ్గించి. "మనం లేస్తానే... ఆయనొచ్చి కూచుంటాండాడు."

"కూచుంటే కూచోనీ. లైను ఎందుకు తెంచాల?"

ఆ రోజునుంచి పుల్లయ్య ఆ గది గడప తొక్కలేదు.

నవంబర్లో ఒక సాయంత్రం, వానలో, ఎల్లయ్య అనే ఆయన అడవిపక్క గూడెం నుంచి భార్య బాలమ్మను ఆటోలో తీసుకొచ్చినాడు. కాలికి చీము పట్టి, ఒళ్లు పెనంలా కాలిపోతాంది. పోయినేడు నంద్యాలలో ఏదో సూది వేస్తే ఒళ్లంతా ఉబ్బి, ఊపిరి ఆగేదాకా వచ్చిందంట.

"ఏం సూది అన్నా?" అని అడిగింది లూదియా.

"తెల్ల సీసామ్మా."

సీసాలన్నీ తెల్లవే.

లూదియా వెనకగదికి పరిగెత్తింది. నంద్యాల తెరిచింది. బాలమ్మలు పదకొండు మంది ఉన్నారు. గూడెం పేరు చూసి సరైన బాలమ్మను పట్టుకునే సరికి వార్డులోంచి కేక – బాలమ్మకు ఫిట్స్. పోయి పట్టుకుంది. కాస్త కుదుటపడినాక తిరిగొచ్చి చూస్తే...

చిన్న డబ్బా.

మళ్లీ కలిపింది. కలవలేదు. మళ్లీ. తొందరలో పాస్‌వర్డ్ తప్పు పడింది. వార్డులో డ్యూటీ డాక్టర్ ఇక ఆగలేమన్నాడు, పుల్లయ్య సూదిలోకి మందు ఎక్కించినాడు. మూడోసారికి ఫైలు తెరుచుకుంది. మొదటి పేజీలోనే ఎర్రక్షరాలు. ఫలానా మందు వేయరాదు.

"పుల్లయ్యన్నా... ఆగు!"

లూదియా వార్డులో కాలు పెట్టేసరికి పుల్లయ్య సూది వేసేసి బాలమ్మ చేతికి దూది రుద్దుతాండాడు. అదే మందు.

తెల్లార్లూ తంటాలు పడి బాలమ్మను దక్కించుకున్నారు. మర్నాడు లూదియా నంద్యాలకు ఫోన్ చేసింది. "ఈ లైను బాగు చేస్తారా, నన్ను మానుకోమంటారా?"

ఇదంతా మొదట బిగించిన కరుణాకర్ బస్సెక్కి వచ్చినాడు. నంద్యాల కంప్యూటర్‌ను ముందే చూసొచ్చినాడు, అందులో ఏ తప్పూ లేదు. వైరు మార్చినాడు. తెగింది. గోడమీది ఫోన్ ప్లగ్గు మార్చినాడు. తెగింది. పుల్లయ్య గడప బయట నిలబడి, నిమ్మకాయ ఏమన్నా కావాలా, అని మర్యాదగా అడిగి పోయినాడు.

చీకటి పడింది. గదిలో ఇద్దరే.

"ఏదీ ముట్టుకోవద్దక్కా. ఊరికే కూచుందాం," అన్నాడు కరుణాకర్, వాచీ విప్పి బల్లమీద పెట్టి.

రెండు నిమిషాలు... ఐదు... బయట కుక్క కూడా మొరగలేదు. ఎనిమిది... తొమ్మిది... లూదియా పెదాలు ప్రార్థనలో కదులుతాండాయి. పది –

ఫోన్ లైనును కంప్యూటర్‌కు కలిపే మోడెమ్ లైటు ఆరిపోయింది. తెరమీద చిన్న డబ్బా.

మళ్లీ కలిపి చూసినారు. సరిగ్గా పది. మూడోసారి కరుణాకర్ మధ్యమధ్యలో మౌస్ కదిలిస్తా ఉన్నాడు. అరగంటైనా తెగలేదు.

"దెయ్యానికి వాచీ ఉంటాదా అక్కా?"

"ఉండదు."

"అయితే ఇది మనిషి పనే."

మోడెమ్ లోపలి సెట్టింగులు తెరిచినాడు. చూసినాడు. ఒక వరుస దగ్గర వేలు ఆపినాడు.

"ఏందీ?"

"పది నిమిషాలు ఎవరూ ఏమీ చేయకుంటే లైను వదిలేయమని పెట్టిండారు."

"ఎవరు?"

కరుణాకర్ వాచీ తీసి చేతికి కట్టుకున్నాడు. "నేనే. నెలకిన్ని గంటలని లైను తీసుకున్నాం కదా, మిగుల్తాయని పెట్టినా. మర్చిపోయినా."

లూదియా తిట్టలేదు. "వార్డులో రెండో మంచం," అంది. "పోయి చూసి రాపో."

కరుణాకర్ పోయి బాలమ్మను చూసినాడు. నిద్రలో ఉంది. మంచం కింద ఎల్లయ్య లేచి కూచుని, డాక్టరనుకొని దండం పెట్టినాడు. వెనక్కి వచ్చినాక కరుణాకర్ ఆ పది తీసి సున్నా పెట్టినాడు, అంటే లైను ఎప్పటికీ వదలొద్దని. అంతటితో ఆగకుండా, ఈ కంప్యూటర్ నిమిషానికొకసారి 'ఉన్నావా' అని అడిగేటట్టు, ఆ కంప్యూటర్ 'ఉన్నా' అని పలికేటట్టు చేసినాడు. ఆ పలకరింపు లైను నిలవడానికే, మనిషి చేసే పనిగా లెక్కకు రాదు. తెల్లార్లూ లైను నిలబడుతుందో లేదో చూద్దామన్నాడు. కంప్యూటర్ ఆపకుండానే గదికి తాళం వేసి, తాళంచెవి లూదియా తీసుకొని ఇంటికి పోయింది. కరుణాకర్ లాడ్జికి పోయినాడు.

పొద్దున ఏడింటికి ఆస్పత్రి వరండాలో ఇద్దరూ కలిసినారు. అంతలోనే లూదియా సెల్‌కు నంద్యాల నుంచి మోషే ఫోన్. అక్కడి కంప్యూటర్ చూసుకునేది ఆయనే.

"అక్కా, లైను రాత్రంతా తెగలేదు!"

లూదియా నవ్వింది. కరుణాకర్ అంతకన్నా గట్టిగా నవ్వినాడు.

"అయినా నువ్వు ఇంటికి పోకుండా పని చేయడమేందక్కా?"

"నేనా? ఎవరు చెప్పినారు?"

"ఈడ లిస్టులో చూపిస్తాది కదా, ఎవరు ఎంతసేపు కీబోర్డూ మౌసూ ముట్టకుండా చేతులు ముడుచుకొని ఉన్నారో. నీ పేరెదుట సున్నా ఉంది. తెల్లవారుజాము డ్యూటీకి వచ్చినప్పటినుంచీ చూస్తాండా, ఒక్క నిమిషం కూడా ఊరికే లేవు."

కరుణాకర్ ఫోన్ దగ్గరికి వంగినాడు. "మౌస్ ఒక్కోసారి దానంతటదే అదురుతాది మోషే. మామూలే."

లూదియా సంచిలో చెయ్యి పెట్టింది. వైరు చుట్టిన మౌస్ బయటికి తీసింది. "ఎలుకలు కొరుకుతాయని రాత్రి పీకి తెచ్చుకున్నా," అంది మెల్లగా.

ఇద్దరూ వెనకగది ముందుకు పోయి నిలబడినారు. వేసిన తాళం వేసినట్టే ఉంది.

"మోషే... ఇప్పుడెంతుందో చూడు," అంది లూదియా.

అవతల మౌస్ నొక్కిన చప్పుడు. తర్వాత మోషే గొంతు, మామూలుగానే –

"సున్నానే అక్కా. ఏదో టైపు చేస్తాండావు కదా."