ఎర్ర రిబ్బన్ కట్టిన చెరుకుతోట

"గీ రిబ్బన్లు కట్టింది నువ్వేనా?"

బోధన్ దాటి సాలూర వైపు పోయే బండ్లబాట మీద, రెండు చెరుకుతోటల మధ్య అడ్డంగా నిలబడి ఒక అమ్మాయి నన్ను అడిగిన మొదటి మాట ఇది. నడుముకు చున్నీ బిగించి ఉంది. చేతిలో కొడవలి ఉంది. నేను బ్రేక్ గట్టిగా పట్టాను. ముందు చక్రం ఆగింది గానీ నేను ఆగలేదు.

లేచి, దుమ్ము దులుపుకుని నవ్వాను. అందమైన అమ్మాయి ముందు బోర్లా పడ్డ మగవాడు ఇంకేం చేస్తాడు?

"నేనే మేడం! నాగేందర్. నిజామాబాద్ సైకిల్ గ్రూప్‌కు అడ్మిన్‌ను. ఆదివారం మౌంటెన్ బైకింగ్ ఉన్నది, మంజీర ఒడ్డు దాకా. మలుపులు తెలవాలని కట్టిన. మీరు గూడ జాయిన్ అయితరా?"

"అయిత. ముందుగాల గిటు వచ్చి సూడు."

వెళ్లి చూశాను. నిన్న సాయంత్రం నేను రిబ్బన్ కట్టినప్పుడు అక్కడ నాకు రెండింతల ఎత్తున చెరుకు ఉంది. ఇప్పుడు అవతల ఊరు కనిపిస్తోంది. అర్ధెకరం చెరుకు నేల మీద పడి ఉంది. ఒక మూలకు మాత్రం నాలుగు గడలు మిగిలాయి. వాటికి నా ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది.

గబగబా ఆ రిబ్బన్ విప్పబోయాను.

గట్టు మీద మహారాష్ట్ర నుంచి వచ్చిన కోతగ్యాంగు టీ తాగుతోంది. వాళ్ల ముకద్దం, అంటే గ్యాంగు మేస్త్రీ, దత్తు నన్ను చూసి సంతోషంగా చెయ్యి ఊపాడు.

"లాల్ కపడా తుమ్‌నే బాంధా? గీ ఎర్రగుడ్డ సూసి పొద్దుగాలనే మొదలువెట్టినం, సాబ్! అంత కోసినంక గీ బిడ్డ వచ్చి లొల్లి వెట్టింది."

అప్పుడు నవత చెప్పింది. ఆమె పేరు నవత అని కూడా ఆ తిట్ల మధ్యలోనే తెలిసింది. ఇక్కడ ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్ ముందురోజు వచ్చి, కోతకు వచ్చిన తోట మూలకు ఎర్రగుడ్డ కట్టి పోతాడు. తెల్లారేసరికి గ్యాంగు దిగుతుంది. గుడ్డ ఉంటే కోస్తారు, ఎవరినీ అడగరు.

"స్పెయిన్‌ల ద్రాక్షతోటలల్ల సైకిల్ రేసులకు గిట్లనే కడతరు," అన్నాను నీరసంగా. "వీడియోల సూసిన."

"గది స్పెయిన్. గిది బోధన్."

నా వెనకాలే సైకిల్ మీద వచ్చిన రంజిత్, నా ప్రాణస్నేహితుడు, ఈ మాట వినగానే నేనెవరో తెలియనట్టు పక్కకు తిరిగాడు.

"పోనీ, ఫ్యాక్టరీకి తోలుదాం," అన్నాను.

"ఫ్యాక్టరీల మా కోత నంబర్ ఇంక రాలే. ఎనిమిది నెలల తోట, ఇంక రెండు నెలలు నిలవడాలె. వాళ్లు తీసుకోరు. శుక్రారం దాకా గిట్లనే ఉంటే ఎండుతది." ఆమె ఊరి బాట వైపు చూసింది. "బాపు అక్కోళ్ల ఊరు కమ్మర్‌పల్లికి పసుపు పనికి పోయిండు. ఊరోళ్లంత నవ్వినా ఇనకుండ, 'నా బిడ్డ సూసుకుంటది' అని తోట నా మీద ఇడిచిపోయిండు. మొదటిసారి. శుక్రారం వస్తడు. ఏమని చెప్పాలె?"

కొడవలి కింద పడేసి అటు తిరిగింది. ఆమె తిట్టినప్పుడు నాకేం కాలేదు గానీ, అలా అటు తిరిగినప్పుడు మాత్రం ఏదో ఒకటి చేయాల్సిందే అనిపించింది. ఆ రోజు బుధవారం.

"జ్యూస్ సెంటర్లకు ఇద్దామా?" అన్నాను.

"అర్ధెకరం జ్యూస్ నువ్వు తాగుతవా?"

తాగుతానని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె మాత్రం వంగి ఒక గడ తీసి, కణుపు దగ్గర వేలితో తడిమి చూసింది. ఇంకోటి తీసింది. ఉన్నట్టుండి ముఖం మారిపోయింది.

"కండ్లు మంచిగున్నయి... నాటుడు రోజులే గదా ఇవి! గింత లేత తోటనే ముచ్చెలకు పనికొస్తది. విత్తనానికి ఇద్దాం!"

ముచ్చెలంటే నాటడానికి నరికిన చెరుకు ముక్కలు. ఒక్కోదానికి మూడేసి కళ్లు, అంటే కణుపు మీద మొలక వచ్చే మొగ్గలు, ఉండాలి. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా మొహం చూసి ఆ మాట ఆమెకూ అర్థమైంది.

"ఫోన్‌లు చేద్దామా?"

"ఫోన్‌ల ఎవ్వలు నమ్ముతరు? గడ సూపియ్యాలె, కన్ను సూపియ్యాలె." రంజిత్ వైపు తిరిగింది. "అన్నా, నీ సైకిల్ ఇయ్యి. నువ్వు గీ చెరుకు మీద ఆకు కప్పుకుంట కూసో. ఎండ తగలొద్దు."

రంజిత్ మారుమాట లేకుండా ఇచ్చేశాడు. నేను గట్టిగా అడిగినా పంక్చర్ కిట్ కూడా ఇవ్వడు వాడు.

"ఇది ఇరవై ఒక్క గేర్ల బండి, మేడం. మీకు అలవాటు లేదు, జర నెమ్మదిగ—"

నా మాట దుమ్ములో కలిసింది. ఆమె అప్పటికే మలుపు తిరిగిపోయింది.

తర్వాత తెలిసింది, పదేళ్లు ఇదే బండ్లబాటల్లో బోధన్ బడికి సైకిల్ మీద వెళ్లిందట. ఎక్కడ గాడి లోతుందో, ఎక్కడ కాలువ గట్టు తెగిందో ఆమెకు చీకట్లో కూడా తెలుసు. నేను హెల్మెట్, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు వేసుకుని రొప్పుతూ వెనక పడ్డాను. ఆమె చెప్పులు వేసుకుని ముందు పోతోంది. వీపుకు కట్టిన సంచిలోంచి చెరుకు ముక్కలు నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఊగుతున్నాయి.

మంజీర ఒడ్డున ఇసుకలో నా చక్రం కూరుకుపోయింది. దిగి తోస్తున్నాను. ఆమె వెనక్కి వచ్చింది.

"అడ్మిన్ సాబ్, ఆదివారం మీ మందిని గిటే తెస్తవా?"

"తెస్త."

"అంబులెన్స్ గూడ చెప్పుకో."

అని నవ్వింది. పొద్దుటి నుంచి మొదటిసారి. నేను చేతిలో ఉన్న సైకిల్ వదిలేశాను. అది నా కాలి మీదే పడింది.

సాయంత్రానికి ఎనిమిది ఊళ్లు తిరిగాం. నలుగురు రైతులు కళ్లు గిల్లి చూసి సరేనన్నారు. గురువారం పొద్దున బండ్లు వచ్చాయి, మధ్యాహ్నానికి చాలావరకు పోయింది. ఆ నలుగురిలో ఒక్క లింబయ్య వాటానే మిగిలింది. ఆయన ఊరు ఏటి పక్కన. రేపు పొద్దున వస్తానన్నాడు.

ఆ సాయంత్రమే వాన. మాఘమాసంలో వాన ఏమిటో! నేను పరుగెత్తి టార్పాలిన్ తెచ్చి, మిగిలిన చెరుకు మీద కప్పి, నాలుగు మూలలూ పట్టుకోలేక అటూ ఇటూ గంతులేస్తున్నాను.

"నవతా! పట్టు! తడుస్తున్నది!"

ఆమె కదలలేదు. వానలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"తడవనియ్యి! విత్తనానికి మంచిదే. ఎండద్దనే గదా మన ఏడుపు!"

నేను టార్పాలిన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆమె కనురెప్పల మీంచి నీళ్లు కారుతున్నాయి. 'మన ఏడుపు' అంది. నా ఏడుపు అనలేదు. ఈ పిల్ల లేకపోతే నా బతుకు ఇంతే అని ఆ నిమిషాన తేలిపోయింది. చెబుదామని నోరు తెరిస్తే నిండా వాన నీళ్లు పోయి దగ్గు వచ్చింది.

శుక్రవారం పొద్దున లింబయ్య ఫోన్ చేశాడు. బాట అంతా బురద, బండి రాదన్నాడు. నవత ముఖం తెల్లబోయింది. మధ్యాహ్నం బస్సుకు వాళ్ల బాపు దిగుతాడు.

నేను గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. రెండు గంటల్లో ఆరుగురు వచ్చారు. గ్రూప్‌లో ఖరీదైన సైకిళ్లన్నీ ఆ రోజు చెరుకుమోపులు మోశాయి. వెనక కడితే ముందు చక్రం లేస్తోంది, అడ్డంగా కడితే తోటల్లో ఇరుక్కుంటోంది. చివరికి నిలువునా కట్టి, బురదలో తోసుకుంటూ లింబయ్య ఊరికి తొమ్మిది ట్రిప్పులు కొట్టాం. ఆఖరి మోపు దించి తిరిగి వచ్చేసరికి, ఖాళీ చేను మధ్యలో తెల్ల ధోవతి కట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. నర్సన్న, నవత బాపు.

నేను హెల్మెట్ పట్టీ ఇంకాస్త బిగించుకున్నాను.

"ఎవ్వలు కట్టిండ్రు గుడ్డ?" అన్నాడు. దత్తు అప్పటికే అంతా చెప్పేసినట్టున్నాడు.

"నేనే, కాకా," అన్నాను. "తెల్వక కట్టిన. తప్పంత నాదే."

"కాదు బాపు," నవత ముందుకు వచ్చింది. "కట్టినంక నేను సూసుకోవాలె గదా. తోట నాకు ఇడిచిపోయినవు. తప్పు నాది."

నేను ఉలిక్కిపడి ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండానే పళ్లు బిగించి గుసగుసగా అంది: "మా బాపును కాకా అనకు."

"ఎందుకు?"

"కాక అంటే చిన్నాయన, అప్పుడు నేను నీకు చెల్లెను అయిత. సార్ అను."

చెవుల్లో గుయ్‌మంది. ఆ పెద్దమనిషి ఎదురుగా నేను పిచ్చివాడిలా నవ్వాను.

నర్సన్న నవ్వలేదు. మోళ్ల మధ్య నడిచి, రెండు చోట్ల మట్టి తీసి చూశాడు. బురద కొట్టుకుపోయిన మా ఎనిమిది సైకిళ్లనూ చూశాడు. మా ఇద్దరి ముఖాలనూ చాలాసేపు చూశాడు.

"ఎవ్వలికి ఇచ్చిన్రు విత్తనం?"

నవత వేళ్ల మీద పేర్లు చెప్పింది. ఆయన తల ఊపాడు.

"నేనున్నా గిట్లనే చేద్దును, బిడ్డా."

నవత ఏడ్చేసింది. అప్పుడాయన నా వైపు తిరిగాడు.

"నీకు ఇంట్ల ఎవ్వలున్నరు?"

"అవ్వ ఒక్కతే, సార్. బీడీలు చేస్తది."

"ఆదివారం మీ అవ్వను తోల్కరా."

నేను చేతులు జోడించాను. "సార్, ఏమన్న ఉంటే నన్నే తిట్టుండ్రి. మా అవ్వకు చెప్పకుండ్రి! ఆమె బీపీ మనిషి, తట్టుకోదు!"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, బిడ్డ వైపు తిరిగి, "గింత మొద్దు వోణ్ణి యాడ వట్టినవే?" అని గట్టు ఎక్కి వెళ్లిపోయాడు.

నాకు ఇంకా అర్థం కాలేదు. నవత చున్నీతో కళ్లు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక నా దగ్గరికి వచ్చింది.

"కంప్లైంట్‌కు కాదు పిలిచింది."

"మరి?"

ఆమె చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖం ఎర్రబడింది. ఆ ఎర్రదనం చూశాకే నా మట్టి బుర్రకు వెలిగింది. అక్కడే చెరుకు మోళ్ల మధ్య కూర్చుండిపోయాను.

"అవ్వకు ఏమని చెప్పాలె నేను?" అన్నాను ఎట్టకేలకు.

నవత వంగి నా హెల్మెట్ పట్టీ విప్పుతూ అంది:

"నవత రమ్మన్నదని చెప్పు."