పదిహేడో చుట్టు

“ఎవరూ కదలకండి. టీ గ్లాసులు కూడా కింద పెట్టెయ్యండి,” అంది డాక్టర్ హైమవతి, టేబుల్ ఫ్యాను వైరుకి ఒక ఇత్తడి క్లిప్పు తగిలిస్తూ.

హాల్లో ఉన్న తొమ్మిది మందీ గ్లాసులు కింద పెట్టారు. ఆకుపచ్చ రంగు ఫ్యాను గుర్రుమంటూ తిరుగుతోంది. ఇంటాయన కోరాడ భీమేశ్వరరావు దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ, ఆయన చూపు ఫ్యాను మీద లేదు. ఎదుటి కుర్చీలో కూర్చున్న ఇజ్జాడ తవిటినాయుడి మొహం మీద ఉంది. ఆ మొహం ఎప్పుడు పాలిపోతుందా అని కాచుకుని ఉన్నాడు.

అది పాలిపోలేదు. తవిటినాయుడు హాయిగా జంతిక నములుతున్నాడు. దొంగలు మాత్రం జంతికలు తినరా ఏంటి, అనుకున్నాడు భీమేశ్వరరావు.

ముందు మీకు ఊరి సంగతి చెప్పాలి. లేకపోతే ఇంత వయసొచ్చిన మనుషులు ఒక ఫ్యాను చుట్టూ చేరి ఎందుకు కొట్టుకు చస్తున్నారో తలాతోకా తెలీదు. ఇది విజయనగరమే, కానీ మీరెరిగిన రోజులు కావు. ఇప్పుడిక్కడ ఏ ఇంట్లోనూ ఏదీ మోగదు. గోడలే చల్లబడతాయి, ఫ్యాన్లతో పనిలేదు. పిండి రుబ్బే పెట్టె, బట్టలుతికే పెట్టె, అన్నీ సీలు వేసి వస్తాయి. అవి నడుస్తుంటే పక్క గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. పాడైతే కంపెనీ వాళ్ళు పట్టుకుపోయి ఇంకోటి పెట్టిపోతారు. బాగుచెయ్యడం అనే మాటే వాడుకలోంచి పోయింది. సుఖమే, నేను కాదనను. కొందరికి సుఖం ఒంటికి పడదు మరి. వాళ్ళు పాత మిక్సీలు, గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చి, విప్పి, తుడిచి, మళ్ళీ మోగిస్తారు. అలాంటి తొమ్మిది మంది కలిసి పెట్టుకున్నదే ఈ మోత సంఘం.

వీళ్ళు ఒకరినొకరు ఎలా కనుక్కున్నారంటారా? చెవులతోనే. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఉదయం భీమేశ్వరరావు మూడు లాంతర్ల కూడలి దగ్గర నడుస్తుంటే, పక్క సందులోంచి బుర్రుమని మిక్సీ మోత వినబడింది. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ముక్కూమొహం తెలియని వాళ్ళ గేటు తీసుకుని లోపలికి పోయాడు. లుంగీతో బయటికొచ్చిన మనిషికి నమస్కారమైనా పెట్టకుండా అన్న మొదటి మాట ఇది: “మీ మిక్సీకి కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయండీ.”

“తెలుసండీ. ఎక్కడా దొరకట్లేదు,” అన్నాడు ఆ మనిషి దిగులుగా. అతనే తవిటినాయుడు.

ఆ పూట ఇద్దరూ కలిసి చచ్చిపోయిన టార్చి సెల్లు పగలగొట్టి, లోపలి నల్ల కడ్డీని ఆకురాయితో అరగదీసి బ్రష్షులు చేశారు. ఆ మిక్సీలో రుబ్బిన కొబ్బరి పచ్చడి తిన్నారు. అంతే, ఇక విడిచి ఉన్న రోజు లేదు. రిటైరైన భీమేశ్వరరావుకి ఊళ్ళో పలకరించే వాళ్ళు వంద మంది ఉన్నారు గానీ, మనసులో మాట చెప్పుకునేది ఈ తవిటినాయుడొక్కడితోనే. ఈ ఆదివారం ఆ క్లిప్పు కింద తేలబోయేది ఆ స్నేహమే.

సంఘానికి ఒక రిజిస్టరుంది. మోటారు లోపలి రాగి తీగ ఫ్యాక్టరీలో చుట్టినదైతే ఆ వస్తువు పేరు పక్కన ‘అసలు’ అని రాస్తారు. ఒక్కసారి విప్పి చుట్టినా ‘మారుది’. తొమ్మిది మంది దగ్గరా కలిపి వందకు పైగా సామాను ఉంటే, సీలు చెదరని అసలు సరుకు ఈ ఆకుపచ్చ ఫ్యాను ఒక్కటే. భీమేశ్వరరావు సెక్రెటరీ అయింది దీని పుణ్యానే.

పోయిన వేసవిలో తవిటినాయుడు, “గరగరమంటోంది, నూనె వేసి ఇస్తాను,” అని దాన్ని పట్టుకుపోయాడు. నూనె వెయ్యడానికి పది నిమిషాలు చాలు. అతను పదకొండు రోజులు ఉంచుకున్నాడు. తిరిగొచ్చాక ఫ్యాను మోత మారిపోయింది. ఇంకేముంది, భీమేశ్వరరావు బుర్రలో పురుగు తొలిచింది. సీలు విప్పి, మళ్ళీ అతికేసి, మోటారు మార్చేశాడు. అసలుది దాచేసుకున్నాడు. అప్పటినుంచి తవిటినాయుడు ఆలస్యంగా వస్తే ఎందుకు మొహం చాటేస్తున్నాడా అని అనుమానం. పెందలాడే వస్తే ఏం కూపీ లాగడానికొచ్చాడా అని అనుమానం. మామిడిపళ్ళు పంపిస్తే, ఆ బుట్ట గుమ్మం దగ్గర పెట్టించి గంటసేపు దానికేసి చూశాడు మహానుభావుడు. అడిగేస్తే పోయేది. అడగలేదు. ఏడాది పాటు కడుపులో పెట్టుకుని కుమిలిపోయాడు.

ఇంతలో డాక్టర్ హైమవతి దిగింది. మందులిచ్చే డాక్టరు కాదు, సైంటిస్టు. ఆవిడ కూడా మోత విని వెతుక్కుంటూ వచ్చిందే. అయినా సంఘంలోని మిక్సీల అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. “ఇది గవర్నమెంటు మనిషే. మన సామానంతా రాసుకుని ఓ రోజు లారీ తెస్తాది సూడండి,” అంది. రెండు వారాలు ఆవిడకి ఎవరూ టీ ఇవ్వలేదు. మూడో వారం ఆవిడ తన యంత్రం గురించి చెప్పింది.

“మోటారులో రాగి తీగ చుట్టలుంటాయి కదండీ. మెషీన్ చుడితే ప్రతి చుట్టూ ఒకే బిగువు. మనిషి చుడితే ఒకచోట బిగువు, ఒకచోట వదులు. మోటారు తిరిగేటప్పుడు ఆ తేడా కరెంట్‌లో సన్నని వణుకుగా వస్తుంది. మన చెవికి అందదు, ఈ రీడర్‌కి అందుతుంది. చేతిరాతలాగే చేతిచుట్టు కూడా ఎవరిది వాళ్ళదే.”

“విప్పకుండానే చెప్పేస్తుందా?” అన్నాడు భీమేశ్వరరావు.

“సీలు ముట్టుకోనక్కర్లేదు.”

ఈ ఆదివారం ఏర్పాటు అలా జరిగింది. సంఘానికేమో భీమేశ్వరరావు ‘ప్రదర్శన’ అని చెప్పాడు.

రీడర్ తెర మీద గీతలు ఆగాయి. డాక్టర్ కళ్ళజోడు సవరించుకుంది.

“ఇది ఫ్యాక్టరీ వైండింగ్ కాదండీ. చేత్తో చుట్టింది.”

“విన్నారా? అందరూ విన్నారా?” అన్నాడు భీమేశ్వరరావు. ఏడాదిగా ఎదురుచూసిన మాట వింటే సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది. “ఒరే తవిటీ, అడిగితే ఇచ్చేసేవాణ్ణి కదరా! ఎందుకు చేశావురా ఈ పని?”

“ఏటి సేసినాను?”

“అసలు మోటారు ఎక్కడ దాచావు?”

తవిటినాయుడు సగం జంతిక పళ్ళెంలో పెట్టేశాడు. “అయితే ఏడాదినుంచి నువ్వు నన్ను సూస్తున్న సూపు ఇదన్నమాట. నానింకా నీ కళ్ళకి శుక్లాలొచ్చాయనుకున్నాను.”

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ సైంటిస్టులకి ఒక జబ్బుంది, చెయ్యగలిగిన పని చెయ్యకుండా ఉండలేరు. “చుట్టిన చెయ్యి ఎవరిదో కూడా తేల్చొచ్చు,” అంది డాక్టర్. “ఆయన్ని ఇక్కడే రెండు వందల చుట్లు చుట్టమనండి. దాంట్లోకి కరెంటు పంపి పోల్చి చూస్తాను.”

తీగ చుట్టే చెక్క బాబిన్, రాగి తీగ తెచ్చి ముందు పెట్టారు. తవిటినాయుడు తల వంచుకుని చుట్టాడు. అది చూడలేక ఒకరిద్దరు కిటికీ వైపు తిరిగారు. రీడర్ కాదంది.

“అయితే వేరేవాళ్ళ చేత చుట్టించాడు,” అన్నాడు భీమేశ్వరరావు. అనేసి ఊరుకోకుండా హాలంతా ఒకసారి కలియజూశాడు.

“నాకేసి సూత్తావేటయ్యా?” అని అచ్చియ్యమ్మ లేచింది. తీగ లాక్కుని తనూ చుట్టింది. ఆవిడ చుట్టాక మిగతావాళ్ళు చుట్టకపోతే బాగుండదు. చుట్టనివాడు దొంగే కదా మరి. మధ్యాహ్నానికి టేబుల్ మీద ఎనిమిది చుట్టలు తేలాయి. ఒక్కటీ కలవలేదు. ఎనిమిదేళ్ళు ఒకే పళ్ళెంలో బజ్జీలు తిన్న మనుషులు ఇప్పుడు ఒకరి చేతులకేసి ఒకరు ఓరగా చూసుకుంటున్నారు.

“నువ్వూ సుట్టు బాబూ. నీకేటైనా కొమ్ములున్నాయా?” అంది అచ్చియ్యమ్మ.

“నాకేం భయం?” అని భీమేశ్వరరావు కూర్చున్నాడు. కుర్రతనంలో, ఉద్యోగం రాకముందు, రెండేళ్ళు వైండింగ్ షాపులో పనిచేసిన చెయ్యి అది. తీగ తగలగానే వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. రెండు వందలూ చకచకా చుట్టి, ఇక చాలా అన్నట్టు బాబిన్ తోశాడు.

రీడర్ టింగుమంది.

డాక్టర్ ఒకసారి చూసింది, క్లిప్పు తీసి మళ్ళీ తగిలించి ఇంకోసారి చూసింది. “పదిహేడో చుట్టు,” అంది నెమ్మదిగా. “ఈ ఫ్యానులో పదిహేడు చుట్లకోసారి తీగ కాస్త వదులవుతోంది. ఇందులోనూ అంతే. భీమేశ్వరరావు గారూ, పదిహేడుకోసారి మీరేం చేస్తారు?”

ఆయన తన బొటనవేలుకేసి చూసుకున్నాడు. తడిగా ఉంది. తీగ జారకుండా వేలు నాలికతో తడుపుకోవడం ఆయనకి అలవాటు. ఆ అలవాటు ఉందని ఆయనకే తెలీదు.

షాపు గుర్తొచ్చింది. కాలిపోయిన ఫ్యాన్లు తెచ్చి, విప్పి చుట్టి, సీలు మళ్ళీ అతికి, రంగు పూసి, కంపెనీ సరుకని అమ్మేవాడు యజమాని. “సీలు అతకడంలో నిన్ను మించినోడు లేడ్రా,” అని మెచ్చుకునేవాడు. కుర్రవాడు పొంగిపోయేవాడు. అలా అతికిన వాటిలో ఒకటి యాభై ఏళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, బొబ్బిలిలో ఒక పాత సామాన్ల కొట్లో ఆయన కంటపడింది. పైనా కిందా తిప్పి, సీలు పరీక్షించి, అసలు సరుకని ముచ్చటపడి తెచ్చుకున్నాడు. తన పనితనానికి తనే మోసపోయాడు పాపం.

“మరి మోత ఎందుకు మారింది?” అన్నాడు పీలగా.

“నూనె వేస్తే మారదాండీ?” అంది డాక్టర్.

హాలు గొల్లుమంది. అచ్చియ్యమ్మ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తవిటినాయుడు నవ్వలేదు. కండువా దులుపుకుని లేచాడు.

“పదకొండు రోజులు ఏటి సేసినావని ఒక్కసారి అడగలేకపోనావు. రాత్రుళ్ళు ఆ ఫ్యాను ఎట్టుకుని పడుకున్నాను. మా ఇంట్లో గోడలు సల్లగానే ఉంటాయి గానీ, ఆ సడీసప్పుడూ లేని గదిలో నాకు నిద్దర రాదు. ఈ వయసులో ఆ మాట సెప్పుకోడానికి సిగ్గేసింది. అదీ నాను సేసిన దొంగతనం.”

“తవిటీ, ఆగరా,” అన్నాడు భీమేశ్వరరావు. అతను ఆగలేదు.

తర్వాత సంఘం బాగా పెరిగింది. ఏ వస్తువు అసలో ఏది మారుదో తేల్చే యంత్రం ఉందని తెలిసి పక్క జిల్లాల వాళ్ళు కూడా వచ్చి చేరారు. ఇప్పుడు అరవై మంది. ప్రతి ఒక్కరి జేబులో ఒక రీడర్. కొత్తవాడు గుమ్మంలోకి రాగానే ముందు క్లిప్పు, తర్వాత టీ. ఎవరి వస్తువూ ఇంకొకరింటికి పోదు. ఇన్నాళ్ళకి ఈ హాబీలోకి నమ్మకం వచ్చిందని డాక్టర్ హైమవతి ఒక సభలో చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేనేమీ అనను.

భీమేశ్వరరావు మూడు నెలలు బింకంగా ఉన్నాడు. నాలుగో నెలలో ఒక పొద్దున్న ఫ్యానుని రెండు చేతులా ఎత్తుకుని తవిటినాయుడి ఇంటి సందులోకి నడిచాడు. గేటు దగ్గర ఆయాసంతో నిలబడి, “ఒరే, ఇది నీ దగ్గరే ఉండనీ. ఎన్నాళ్ళైనా సరే. తప్పయిపోయిందిరా,” అన్నాడు.

తవిటినాయుడు ఫ్యానుకేసి చూశాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్రలేదని తెలుస్తూనే ఉంది. చెయ్యి సగం దాకా చాచి, వెనక్కి తీసుకున్నాడు.

“డాక్టరమ్మని రమ్మన్నావా?”

“ఆవిడెందుకురా?”

“క్లిప్పు ఎట్టి సూపించమను. ఇయ్యాళ ఇది ఎలా ఉందో కాయితం మీద రాసి, ఇద్దరం సంతకాలు ఎడదాం. నువ్వు తిరిగి పట్టుకెళ్ళినప్పుడు మళ్ళీ కొలిపించుకో.”

“నేను నమ్ముతున్నాను తవిటీ! దేవుడి మీద ఒట్టు, నమ్ముతున్నాను.”

“నువ్వు నమ్మినావులే, భీమేసూ. నాకే నీ మీద నమ్మకం లేదు.”

భీమేశ్వరరావు ఫ్యానుని అరుగు మీద దింపి డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆవిడ పది నిమిషాల్లో వచ్చి, ఎంతో సంతోషంగా కొలిచి, కాగితం రాసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. తవిటినాయుడు ఫ్యాను ఎత్తుకుని లోపలికి పోయాడు. కాసేపటికి గుర్రుమని మోత వినబడింది. భీమేశ్వరరావు అరుగు మీదే కూర్చుని వింటూ ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.