జాడదీపం

ఆ రోజుల్లో ఆసుపత్రి ఓపీకి వచ్చినవాళ్లు ఎదుటి మనిషి ముఖం కంటే ముందు చేతులు చూసేవారు. పలకరింపులు ఆ తర్వాతే. కొత్త జ్వరాన్ని అంటించినట్టు తేలినవాళ్లను ఏకాంత కేంద్రానికి పంపేసేవారు. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లను ఎవరూ ఎరగరు.

రాజమండ్రి ఓపీలో చూపించుకుని వెళ్లిన ఒక పసిపాపకు మర్నాడే ఆ జ్వరం పట్టుకుంది. పాపకు కట్టు మార్చింది నర్సు సలోమి. ఇంకేముంది, వేళ్లన్నీ ఆమెవైపే తిరిగాయి. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి కదా!

"చేతులు కడుక్కునే ముట్టుకున్నానండి బాబూ! ఇద్దరు చంటిపిల్లలున్నారండి నాకు. మీ దీపం వేసి చూడండి మేడమ్ గారూ," అంది సలోమి.

"భయపడకు సలోమీ. దీపం అబద్ధమాడదు," అంది డాక్టర్ అలివేణి.

జాడదీపాన్ని, అంటే ఇన్ఫెక్షన్ ట్రేసర్‌ను, కనిపెట్టింది ఆమే. గాలిలో చల్లిన సూక్ష్మరేణువులు ఆ ఒక్క జ్వరక్రిమినే వెతికి అంటుకుంటాయి. దీపం కింద పచ్చగా మెరుస్తాయి. క్రిమి పుట్టిల్లు దగ్గర మెరుపెక్కువ, చేతులు మారేకొద్దీ తక్కువ. వెలుగు పెరిగేవైపు నడిస్తే మూలం దొరికినట్టే. ఆ పరీక్ష డాక్టర్లే చేయాలని నియమం.

గది తలుపులు మూసి దీపం వేసింది. సలోమి చేతులు చాచి, కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ చేతుల మీద మెరుపన్నదే లేదు. పాపను పడుకోబెట్టిన బల్ల మీద లేత పచ్చదనం. పాపను పరీక్షించిన అలివేణి స్టెతస్కోపు మీద ఇంకాస్త ఎక్కువ. దాన్ని అందుకోబోతే ఆమె కోటు చేయి పైకి జరిగింది.

మణికట్టున వ్రతం తోరం! మోచేతి కింద దారప్పోగైనా ఉండకూడదని నర్సుల గాజులు తీయించింది తనే. తోరాన్ని తెంపడానికి మాత్రం చేతులు రాలేదు. ఏ రోగి దగ్గర అంటుకుందో, తడి ఆరని ఆ ముళ్లలో క్రిమి కాపురం పెట్టింది. తొమ్మిది ముళ్లూ భగ్గున వెలుగుతున్నాయి.

సలోమి ఇంకా కళ్లు తెరవలేదు. చెప్పాలి, చెప్పెయ్యాలి అనుకుంటూనే అలివేణి దీపం స్విచ్ వైపు చేయి చాచి, ఆగిపోయింది.

స్విచ్ నిండా పచ్చటి వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి. ఇదే గదిలో పరీక్ష చేసి, ఆయాలనూ వార్డుబాయ్‌లనూ కేంద్రానికి పంపిన డాక్టర్లవి.

వాటి మీదే వేలు పెట్టి నొక్కింది.

"ఏం తేలిందండీ?" అంది సలోమి, కళ్లు తెరిచి ఆశగా.

అలివేణి కోటు చేతిని కిందికి లాక్కుంది.

"పిల్లల్ని ఎవరికి అప్పగిస్తావు సలోమీ?"