ముప్పైమందికి పులిహోర

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికల్లా సుగుణ బియ్యం వండి, పెద్ద బేసిన్‌లో ఆరబోసి, చింతపండు పులుసు కలిపేసింది. మాంట్రియల్‌లో ఫిబ్రవరి చలికి కిటికీలన్నీ బిగించి ఉండటంతో, ఇంగువ తాలింపు అపార్ట్‌మెంటంతా ఘుమాయిస్తోంది. సాయంత్రం డౌన్‌టౌన్‌లోని పాత సమాజమందిరంలో యూదుల కుర్రకారు ముప్పైమంది తమ విశ్రాంతిదినం సబ్బాతు భోజనానికి చేరుతున్నారు. ఈ వారం దాన్ని నడిపించేది కూతురు ఎస్తేరు. అలాంటి విందుకి తల్లి ఉత్తచేతులతో ఎలా వెళ్తుంది?

కాలేజీకి తయారై వచ్చిన ఎస్తేరు బేసిన్ చూసి బిగుసుకుపోయింది.

"అమ్మా, ఇదంతా ఎవరికి?"

"మీవాళ్ళకే. సరిపోతుందా, ఇంకో కేజీ పెట్టనా?"

"ఇంటి వంట అక్కడికి రానివ్వరమ్మా. అక్కడి కిచెన్‌లో, మన ఆహార నియమాలు చూసే సూపర్‌వైజర్ కళ్ళముందు వండిందే వడ్డించాలి. నీకు ముందే చెప్పాల్సింది, సారీ."

సుగుణ చేతిలో గరిటె ఆగిపోయింది. డ్యూటీకి బయల్దేరుతూ షూ వేసుకుంటున్న యాకోబు తలెత్తాడు.

"అయిందా సంబరం? మన చేతి అన్నం వాళ్ళకి పనికిరాదట!"

"నాన్నా, అది అందరికీ ఉన్న రూలే."

"మా ఊళ్ళోనూ అలాగే అనేవాళ్ళు. 'మా ఆచారం, ఏమనుకోకు' అంటూ మీ నాయనమ్మ చేతి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఇంతదూరం వచ్చినా అదేనా?"

గుంటూరు పక్క పల్లెలో, ఊరివాళ్ళు ఎడంగా ఉంచిన పేటలో, తాము ఇశ్రాయేలు సంతతేనని నమ్మి తెలుగులో ప్రార్థించుకునే కాసిని కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఏడేళ్ళ కిందట కెనడా వచ్చిన కొత్తలో యాకోబు ఆశగా ఒక సమాజమందిరానికి వెళ్తే, గుమ్మంలో ఒకాయన అరగంట నిలబెట్టి, "ఇండియాలో యూదులేమిటి?" అని ఆరాలు తీశాడు. ఆ రోజునుంచి యాకోబు సబ్బాతు ఇంటి నాలుగు గోడల మధ్యే.

"సాయంత్రం నువ్వు రావాలి నాన్నా. అక్కడ చాలామందికి అమ్మానాన్నలు ఎక్కడో దూరాన ఉన్నారు. నాకు ఈ ఊళ్ళోనే ఉండి కూడా..."

"నాకైన అవమానం చాల్లే."

"నిన్ను గుమ్మంలో నిలబెట్టింది ఎవరో. ఇవాళ నన్ను నిలబెడుతోంది నువ్వు!" అని ఎస్తేరు తలుపు విసిరేసి వెళ్ళిపోయింది. యాకోబు మొహం మాడిపోయింది.

మధ్యాహ్నం సుగుణకి ముద్ద దిగలేదు. మొగుడి మాటే నిజమైతే? నిజమైతే కూతుర్ని అక్కడికి ఇంకెప్పుడూ పంపకూడదు. సంగతేమిటో మొహమ్మీదే అడిగేద్దామని కోటు తగిలించుకుని బయల్దేరింది.

నాలుగింటికి కిచెన్ గుమ్మంలో ఆమెని ఆపింది ఫ్రీడా. డెబ్భై దాటిన మనిషి, వంటలకి ఆవిడే సూపర్‌వైజర్. సుగుణ అరచెయ్యి చాపి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "మై హ్యాండ్... నో?" అంది. లోపల బల్లలు సర్దుతున్న ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది. సిగ్గుతో చస్తూనే, పొద్దున జరిగిందంతా ఫ్రీడాకి చెప్పింది.

ఫ్రీడా నవ్వలేదు. "ముప్పై ఏళ్ళుగా మా ఇంటి రొట్టెముక్క కూడా ఈ గుమ్మం దాటనివ్వలేదు నేను. మా గురువు రబ్బీగారి భార్య కేకు తెచ్చినా వెనక్కి పంపాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది," అంది. ఎస్తేరు ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. "సూర్యాస్తమయమైతే సబ్బాతు, ఇక వండకూడదు. దానికింకా టైముంది. ఇక్కడే వండుతావా?" అని ఫ్రీడా సుగుణని అడిగింది.

చింతపండు లేదు, కరివేపాకు లేదు. నిమ్మకాయలున్నాయి, పసుపుంది, పచ్చిమిర్చి ఉంది. సుగుణ కొంగు దోపి బియ్యం కడిగి పెట్టింది. పొయ్యి దగ్గర మాత్రం, తను ముట్టుకోవచ్చో లేదోనని వెనక్కి తగ్గి నిలబడింది. ఫ్రీడా లైటర్ తెచ్చి, ఏదో చెబుతూ ఆమె చేతిలోనే పెట్టింది.

"ఏమంటోందే?"

ఎస్తేరు కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ పొయ్యి యూదుల చెయ్యే వెలిగించాలటమ్మా. యూదులు కాని వంటవాళ్ళు వస్తే ఆవిడ వెలిగిస్తుందట. నువ్వుండగా తనెందుకు అంటోంది," అంది.

సుగుణ లైటర్ నొక్కింది. రెండోసారికి మంట అంటుకుంది. ఎసరు మరిగేలోపు యాకోబుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"వస్తే రా, లేకపోతే లేదు. అన్నం మాత్రం పెట్టేశానయ్యా," అని పెట్టేసింది.

కొవ్వొత్తులు వెలిగించే వేళకి యాకోబు వచ్చాడు. అలవాటుకొద్దీ గుమ్మంలోనే ఆగాడు. ఎవరూ ఏమీ అడగలేదు. కూతురే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. భోజనానికి ముందు పిల్లల్ని దీవించడం ఆనవాయితీ. యాకోబు ఆమె తలమీద రెండు చేతులూ ఉంచి, తమ జాతి తల్లులైన శారా, రిబ్కా, రాహేలు, లేయాల పేర్లు చెప్పి తెలుగులో దీవించాడు. "పొద్దున నిన్ను ఏడిపించానమ్మా," అంటూ తనే ఏడ్చేశాడు.

పక్కనున్న అమ్మాయి మెల్లగా లేచి వచ్చింది. "అంకుల్, మా నాన్న విన్నిపెగ్‌లో ఉన్నారు. నన్ను కూడా దీవిస్తారా?" అని ఇంగ్లీషులో అడిగి తల వంచింది.

యాకోబు తన చేతులకేసి ఒకసారి చూసుకుని, వాటిని ఆ పిల్ల తలమీద ఉంచాడు. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. సుగుణ పైటచెంగుతో కళ్ళొత్తుకుంటూనే, "త్వరగా కానివ్వయ్యా, పిల్లలు ఆకలిమీదున్నారు," అంది.